అద్దం మీద జిగురు

ఫిబ్రవరి 10

మూడో తొట్టె అద్దం మీద, నీటిమట్టానికి వేలెడు కింద, చిన్న జిగురు ముద్ద కనిపించింది. గోరంత ఉంటుంది. నాచు అయి ఉంటుంది. గుడ్డతో తుడిచేశాను.

ఇంత చిన్న సంగతికి కొత్త నోటుబుక్కు తెరవాలా అంటే అక్కర్లేదు. ల్యాబులో రోజువారీ పుస్తకం ఉంది. నీళ్ళ వేడి ఎంత, మేత ఎంత, పుట్టినవెన్ని, పోయినవెన్ని, అన్నీ అందులో రాస్తాను. డైరెక్టర్ గారు వారానికోసారి చూసి టిక్కు పెడతారు. జిగురు సంగతి అందులో రాయలేదు. నాచు గురించి ఎవరు రాస్తారు గనక.

ఇవాళ ఆయన గదికి పిలిచారు. కూర్చోమన్నారు, అంటే ఏదో పని పడిందన్నమాట.

"ఊట మూసేస్తున్నారమ్మా, మార్చి ఇరవైన," అన్నారు. "చుట్టూ కాంక్రీటు కట్టి నీళ్ళన్నీ గొట్టాల్లోకి ఎక్కిస్తారట, ఊరికి తాగునీళ్ళ కోసం. మన నత్తలు తొట్టెల్లో క్షేమంగా ఉన్నాయని మనం కాగితం ఇస్తే వాళ్ళకి అడ్డు లేదు. ఇవ్వకపోతే ఊట జోలికి వెళ్ళకూడదు. అవతలి లోయలో బోర్లు వేసుకోవాలి, ఏడాది ఆలస్యం."

"మరి ఊటలో ఉన్నవి?"

"వందో ఎన్నో ఉంటాయి. మీ దగ్గర రెండొందల నలభై మూడు ఉన్నాయి కదా. మీ అక్క పోయిన నాటికి ఎనభై ఆరు. ఎనిమిది నెలల్లో దాదాపు మూడింతలు చేశారు. మీ హస్తవాసి మంచిదమ్మా. సంతకం మీరే పెట్టాలి."

ఆ ఒక్క ఊట తప్ప ఈ నత్తకి లోకంలో ఇంకెక్కడా ఇల్లు లేదు. బఠాణీ గింజంత ప్రాణి. దాని కోసం ఇంతమంది ఇంజనీర్లు పని ఆపుకుని కూర్చున్నారంటే అక్క పడీపడీ నవ్వేది. అక్క నా తోడబుట్టింది కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఈ తొట్టెల ముందు నిలబెట్టి నాకు పని నేర్పింది. నన్ను ఒసేయ్ అని పిలిచిన మనిషి ఈ భవనంలో ఆవిడ ఒక్కతే.

హస్తవాసి అన్న మాట బాగుంది. ఇంటికొచ్చే దారిలో రెండుసార్లు తలుచుకున్నాను.

ఫిబ్రవరి 11

అద్దం తుడిచాను. ఇవాళ రెండు చోట్ల ఉంది. వెలుతురు ఎక్కువైతే నాచు పడుతుంది. దీపం ఒక గంట తగ్గించాను.

ఫిబ్రవరి 12

దీపం తగ్గించినా లాభం లేదు. తుడిచాను.

తుడుస్తుంటే వెనక అక్క గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. ఆవిడకి ఆ అలవాటు ఉండేది. తప్పు కనిపిస్తే వెంటనే అనేది కాదు, ముందు గొంతు సవరించుకునేది. ఆ సందులో మనం దిద్దేసుకోవాలి, లేదంటే ఇక చీవాట్లే. వెనక్కి తిరిగి చూశాను. అక్క కుర్చీ, దాని వీపు మీద ఇంకా తీయని తెల్లకోటు. గాలిపంపు శబ్దం అలా వినిపించి ఉంటుంది.

ఫిబ్రవరి 13

గురువారం. బావగారు వచ్చారు. అక్క పోయిన తర్వాతి వారం నుంచి ఒక్క గురువారం కూడా మానలేదు. గడియారాలు బాగుచేసే మనిషి, కొట్టు మూసి పదేళ్ళయినా కంటికి పెట్టుకునే ఆ చిన్న భూతద్దం జేబులోనే ఉంటుంది. అక్క కుర్చీలో కూర్చోరు. స్టూలు లాక్కుని మూడు తొట్టెల ముందూ ఒక్కోచోట కాసేపు కూర్చుంటారు. పలకరింపులకి వచ్చినట్టే ఉంటుంది.

"ఎన్నయ్యాయమ్మా?" అన్నారు.

చెప్పాను.

"దాని హయాంలో ఏడాదికి పది పుడితే పండగ చేసుకునేది. నీకు కుండపోతగా పుడుతున్నాయి." నవ్వారు. తర్వాత మూడో తొట్టె దగ్గరికి వంగి, భూతద్దం కంటికి పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయారు. పొద్దున తుడిచాను. మూల ఒకటి మిగిలిపోయినట్టుంది.

"ఇదేంటమ్మా, జిగురులా ఉంది?"

"నాచు బావగారూ."

"లోపల చుక్కలున్నాయి."

"గాలిబుడగలు."

"ఓహో," అన్నారు. భూతద్దం జేబులో పెట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరి 14

తుడిచాను.

ఫిబ్రవరి 16

ఆదివారం. ఇంట్లో ఉన్నాను. మనసు ఇంట్లో లేదు.

ఒకసారి రాసిపెట్టుకుంటే పీడ వదులుతుంది. తొట్టెల్లో వేసే నీటిమొక్కలు బయటి గుంటలోంచి తెస్తాం. ఆ మొక్కలకి గుంటనత్తల గుడ్లు అంటుకుని వస్తాయి. గుంటనత్త ఎక్కడ పడితే అక్కడ బతుకుతుంది, మొండిఘటం, ఒకటి చేరిందంటే మేత మొత్తం తనే తింటుంది. మన ఊటనత్త సున్నితం, మేత తగ్గితే మెల్లగా ముడుచుకుపోతుంది. అందుకే మొక్కల్ని ముందు పటిక నీళ్ళలో మూడు గంటలు నానబెట్టాలి. గుడ్లు చస్తాయి. అప్పుడు కడిగి తొట్టెలో వెయ్యాలి. అక్క పెట్టిన రూలు ఇది, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

చిన్నప్పుడు రెండు నత్తలూ ఒకేలా ఉంటాయి. పెద్దయ్యాక గుల్ల మీద గీతలు చూసి చెప్పాలి, అది అక్క ఒక్కతే చెప్పేది. నాకు మాత్రం ఒకటే పాఠం చెప్పింది. "ఊటనత్త పిల్లని కంటుంది, గుంటనత్త గుడ్డు పెడుతుంది. మిగతా తేడాలన్నీ కళ్ళజోడు తేడాలే ఒసేయ్."

కిందటి జూన్‌లో, అక్క పోయిన రోజు, మూడో తొట్టెకి మొక్కలు మార్చే రోజు. పన్నెండింటికి పటిక నీళ్ళలో వేశాను. మూడింటికి తీశాను. నాకు బాగా గుర్తుంది.

ఫిబ్రవరి 17

మూడు చోట్ల. రెండో తొట్టెలో కూడా ఒకటి. తుడిచాను.

పిల్లలు ఎక్కువయ్యాయని మూడో తొట్టెలోంచి రెండు, ఒకటి తొట్టెల్లోకి మార్చింది నేనే. ఎంత మురిసిపోయానో.

ఫిబ్రవరి 19

పన్నెండింటికి వేశాను. ఒంటిగంటకి బావగారి ఫోను వచ్చింది, ఆస్పత్రి నుంచి. రెండింటికి తీసి ఉంటాను. రెండు గంటలు నానినా గుడ్లు చస్తాయి. మూడు అన్నది అక్క జాగ్రత్త కొద్దీ పెట్టిన లెక్క.

ఆస్పత్రిలో నన్ను చూడగానే అక్క అడిగింది ఒకటే. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. "మొక్కలు మూడు గంటలూ నాననిచ్చావా?" అంది. గొంతు సవరించుకుని మరీ అడిగింది.

నాననిచ్చానక్కా అన్నాను. పోయే మనిషితో ఇంకేమంటాను. మంచానికి అటువైపు బావగారు నిలబడి ఉన్నారు. అక్క కళ్ళు మూసుకుంది. సాయంత్రానికి పోయింది.

ఫిబ్రవరి 20

బావగారు వచ్చారు. ఆయన వచ్చేలోగా అద్దాలన్నీ రెండుసార్లు తుడిచాను. ఆయన తొట్టెల వైపు పెద్దగా చూడలేదు. నా వైపే చూశారు. "ఒంట్లో బాగుందామ్మా? చిక్కిపోయావు," అన్నారు.

ఫిబ్రవరి 22

అనుమానం పెనుభూతం అంటారు. అదేదో తేల్చేసుకుంటే పోతుంది. ఇరవై నత్తల్ని చేతికి దొరికినవి దొరికినట్టు తీసి ఇరవై సీసాల్లో ఒక్కొక్కటి వేసి నంబర్లు అంటించాను. ఏ సీసాలో పిల్ల కనిపిస్తే అది మనది. ఏ సీసాలో జిగురు కనిపిస్తే అది కాదు. ఏమీ కనిపించకపోతే మన మగది, ఎందుకంటే గుంటనత్తలో ఆడామగా ఒకే ఒంట్లో ఉంటాయి, ఒంటరిగా ఉన్నా ప్రతిదీ గుడ్లు పెడుతుంది.

సీసాల్ని స్టోరు గదిలో పెట్టి తాళం వేశాను. డైరెక్టర్ గారు అడిగితే మేత పరీక్ష అని చెప్పాలి.

ఫిబ్రవరి 26

ఏడు సీసాల్లో జిగురు.

ఏడే కదా. ఇంకా పదమూడు ఉన్నాయి.

ఫిబ్రవరి 27

పన్నెండు.

బావగారు వచ్చారు. ఒంట్లో బాగాలేదని వాచ్‌మన్‌తో చెప్పించి పంపేశాను. కిటికీలోంచి చూశాను, గేటు దాకా వెళ్ళి ఆగి, కాసేపు నిలబడి, అప్పుడు వెళ్ళారు. పాపం ముసలాయన రెండు బస్సులు మారి వస్తారు. సిగ్గేసింది.

మార్చి 1

పదిహేడు. తొట్టెల్లో అద్దాలు తుడవడానికి అరగంట పడుతోంది.

మార్చి 3

పంతొమ్మిది. పద్నాలుగో నంబరు సీసా ఒక్కటే శుభ్రంగా ఉంది.

డైరెక్టర్ గారు కాగితం టైపు చేయించి బల్ల మీద పెట్టారు. ఆరో తారీఖు లోపల సంతకం కావాలట. "శుభమా అని వాళ్ళు పని మొదలుపెట్టుకుంటారు, మనకెందుకమ్మా మాట," అన్నారు. తల ఊపాను. ఇవాళ చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది. చెప్పాలంటే జూన్ నుంచి చెప్పాలి. జూన్ నుంచి చెప్పాలంటే ఆస్పత్రి మంచం దగ్గర అన్న మాట కూడా చెప్పాలి.

సంతకం పెట్టకపోతే ఊట ఉంటుంది. అంతే, అంత సులువు. పెట్టను అని ఒక్క ముక్క అంటే చాలు. ఎందుకు అని అడుగుతారు.

మార్చి 5

పద్నాలుగో సీసాలో పిల్ల!

సీసా అడుగున, ఆవగింజంత, గుల్లతో సహా పుట్టిన పిల్ల. జిగురూ లేదు, గుడ్డూ లేదు. గుల్లలోంచి కొమ్ములు బయటికి పెట్టి నడుస్తోంది. స్టోరు గదిలో నేల మీద చతికిలబడి ఏడ్చాను. ఎంతకాలం అయిందో ఇలా ఏడ్చి. అక్క పోయినప్పుడు కూడా ఏడవలేదు, ఏర్పాట్లన్నీ నామీదే పడ్డాయి.

ఉన్నాయి. మనవి ఉన్నాయి. ఇరవైలో ఒకటి ఉందంటే రెండొందల నలభై మూడులో పన్నెండు ఉంటాయి. అక్క తొమ్మిదితో మొదలుపెట్టింది. తొమ్మిది చాలినప్పుడు పన్నెండు చాలవా? మగవి ఆ మిగతా వాటిలో ఉంటాయి. అన్నిటినీ విడదీసి, గుంటనత్తల్ని ఏరి పారేసి, మళ్ళీ పెంచుకొస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు. తొట్టెల్లో నత్తలు ఉన్నాయి అంటే ఉన్నాయి. అబద్ధం ఏముంది అందులో.

మార్చి 6

సంతకం పెట్టాను. డైరెక్టర్ గారి పెన్ను జారుడు, నా పేరు చివర కొంచెం వంకర పోయింది.

బావగారు వచ్చారు. ఈసారి నేనే ఎదురెళ్ళి తీసుకొచ్చాను. పద్నాలుగో సీసా చూపించాను. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, భూతద్దం పెట్టుకుని, సీసాని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు.

"ఇది మీ అక్కదే," అన్నారు. "పిల్ల కూడా."

"అవును బావగారూ."

"మరి తొట్టెల్లోవి?"

"అవీ అంతే."

ఆయన సీసాని జాగ్రత్తగా నా చేతిలో పెట్టారు. టీ కూడా తాగకుండా వెళ్ళారు.

మార్చి 7

మిగిలిన రెండొందల ఇరవై మూడింటికి సీసాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కాగితం కప్పులు కొన్నాను. మా ఆయన సంచీలో చూసి, "ఇన్ని కప్పులెందుకే, ఎవరి పెళ్ళి?" అన్నారు.

"నత్తలకి."

"వాటికి టీలు కూడా పోస్తున్నావా. ఇక్కడ మొగుడు మంచినీళ్ళు అడిగితే మాత్రం కుండ చూపిస్తావు."

నవ్వాను. నవ్వుతూనే కప్పులు లెక్కపెట్టాను. ఈయనకి చెప్పొచ్చు. చెబితే, ఓస్ ఇంతేనా, నత్తలే కదా అంటారు. అది వినలేను.

మార్చి 8

స్టోరు గది నేలంతా కప్పులే. కాలు పెట్టడానికి ఒక సందు వదిలాను. మొదటి రోజే పదిహేనింటిలో జిగురు. ఎలాగూ చాలావరకు అవే ఉంటాయని తెలుసుగా. నాకు కావాల్సింది పదకొండు.

మార్చి 10

తొంభై ఆరింటిలో జిగురు. పిల్ల ఒక్కదాంట్లోనూ లేదు. ఊటనత్త నెమ్మది. తొందరపెడితే కనదు.

మార్చి 12

నూట అరవై ఎనిమిది.

కప్పులు చూసుకుంటూ వంగి వంగి నడుస్తుంటే ఎవరో వెనక ఆ సందులోనే వస్తున్నట్టు ఉంది. అక్క చెప్పులు కుడివైపు అరిగి, నడిస్తే ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చినట్టు వినిపించేది. అచ్చం అలాగే. నేను ఆగితే ఆగుతోంది. పట్టపగలు, పదకొండు గంటలకి, ఎండ నేల మీద పడుతుంటే. వెనక్కి తిరగలేదు. "చూస్తున్నానక్కా, చూస్తున్నా," అన్నాను పైకే.

మార్చి 13

రెండొందల రెండు. బావగారు రాలేదు. మొదటిసారి. ఫోను చేస్తే మోకాలు నొప్పి అన్నారు.

మార్చి 14

రెండొందల పంతొమ్మిది. ఇంకా నాలుగు కప్పులు. నాలుగింటిలో రెండు మగవి, రెండు ఆడవి అయినా చాలు. ఒక్క మగది అయినా చాలు.

మార్చి 15

నాలుగింటిలోనూ జిగురే.

ఖాళీ కప్పు ఒక్కటి లేదు. పిల్ల ఉన్న కప్పు ఒక్కటి లేదు. రెండొందల నలభై రెండు గుంటనత్తలు, నేను మేత పెట్టి, నీళ్ళు మార్చి, మురిసిపోయి పెంచినవి. అక్కవి ఎనభై ఆరు. వాటిలో ఒక్క తల్లి మిగిలింది, దానితో కలిసిన మగది కూడా పోయింది. మిగతావి గుంటనత్తల పక్కనే, నా కళ్ళ ముందే, ఆకలికి పోయాయి. చచ్చినవి రోజూ పుస్తకంలో రాస్తూనే ఉన్నాను. పుట్టేవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి కదా అని పట్టించుకోలేదు. గుడ్లు ఇన్నాళ్ళూ ఆకుల అడుగున ఉండి ఉంటాయి, చోటు చాలకే అద్దం ఎక్కాయి.

పన్నెండింటికి వేశాను. పన్నెండుంబావుకి ఫోను వచ్చింది. "రామ్మా, అది నిన్నే అడుగుతోంది," అన్నారు బావగారు. మూడు గంటలు దాటితే పటికకి మొక్కే కుళ్ళిపోతుంది, ఎప్పుడు తిరిగొస్తానో తెలియదు. పారెయ్యొచ్చు. పారేస్తే అక్క మొక్కలేవే అని అడుగుతుందేమో అనుకున్నాను, ఆవిడ పోతోందని తెలిసి కూడా. తీసి, కుళాయి కింద కడిగి, తొట్టెలో వేసి పరిగెత్తాను. పావుగంట. పావుగంట నానాయి.

ఇప్పుడు ఈ లోకంలో ఊటనత్త అంటే ఊటలో ఉన్నవే. ఇరవయ్యో తారీఖుకి ఐదు రోజులు ఉంది. చెబితే ఆపుతారు. రేపు చెబుతాను.

మార్చి 16

ఆదివారం. ఆఫీసు లేదు. డైరెక్టర్ గారి ఇంటి నంబరు ఉంది నా దగ్గర. ఆదివారం పూట మనుషుల్ని ఇబ్బంది పెట్టకూడదు. రేపు.

మార్చి 17

గది దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి. పావుగంట నిలబడి వచ్చేశాను. భోజనం తర్వాత మళ్ళీ వెళ్ళాను. నన్ను చూసి, "ఏమ్మా, మళ్ళీ పెరిగాయా?" అన్నారు. లేదండీ అన్నాను. మేత అయిపోవచ్చిందని చెప్పి వచ్చాను.

ఎవరికీ చెప్పకుండానే సరిచేయొచ్చు. రేపు సెలవు పెట్టి బకెట్టు తీసుకుని ఊటకి వెళ్తాను. యాభై తెచ్చి శుభ్రమైన తొట్టెలో వేస్తే కాగితంలో రాసింది నిజమైపోతుంది. ఇది నాకు ముందే ఎందుకు తట్టలేదు? ఇవాళ ప్రాణం కుదుటపడింది.

మార్చి 18

బస్సు దిగి కొండ వాలులో అరగంట నడక. మూత ఉన్న బకెట్టు, తడిగుడ్డలు, మెత్తటి కుంచె తీసుకెళ్ళాను. మలుపు తిరగకముందే యంత్రం చప్పుడు వినిపించింది.

ఊట లేదు. అక్క నన్ను మొదటిసారి మోకాళ్ళ లోతున దింపిన మడుగు ఉన్నచోట చదును చేసిన బురద, దాని మధ్య ఇనుప ఊచల చట్రం. నీళ్ళు పక్కనుంచి నల్లటి గొట్టంలోకి పోతున్నాయి. ఇంజనీరు నన్ను గుర్తుపట్టి ఎదురొచ్చాడు. మంచివాడు, కుర్చీ వేయించాడు.

"ఇరవైన కదా?" అన్నాను.

"మీ పేపరు ముందే వచ్చేసింది కదా మేడమ్. కూలీలు ఖాళీగా ఉన్నారు, వానలు పడేలోపు అయిపోతుందని పదహారున మొదలుపెట్టేశాం."

"నత్తలు..."

"ఉన్నాయి మేడమ్, రాళ్ళ కింద బానే ఉన్నాయి. మావాళ్ళు మొదట ఏరారు కూడా, ఒక బకెట్టులోకి. నేనే చెప్పాను, అంత కష్టం ఎందుకురా, మేడమ్ దగ్గర రెండొందల నలభై ఉన్నాయి, అవి చాలు అని. బురదతో పాటు ఎత్తి లారీకి వేసేశారు."

బురద ఎక్కడ పోశారని అడిగాను. రోడ్డు పక్క పల్లంలో, నిన్ననే పోసి రోలరు తొక్కించారట. వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వాను. ఎండ దిగేదాకా తవ్వాను. గుల్లలు దొరికాయి, పగిలినవి, పగలనివి. పగలని ఒక్కోదాన్నీ తడిగుడ్డలో పెట్టి చూశాను, కదులుతుందేమో అని. ఇంజనీరు రెండుసార్లు వచ్చి, "మేడమ్, మీ దగ్గర ఉన్నాయి కదా," అన్నాడు. అతని మొహంలో జాలి. పదహారు అంటే ఆదివారం. ఆ రోజు డైరెక్టర్ గారి నంబరు ముందు పెట్టుకుని కూర్చున్నాను నేను.

మార్చి 19

లేవలేదు. ఈయన జ్వరం అనుకుని నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. జ్వరం లేదు.

మార్చి 20

గురువారం. బావగారు వచ్చారు, కర్ర పట్టుకుని. స్టూలు వేశాను. తొట్టెలు ఖాళీ. అన్నీ వేడినీళ్ళతో కడిగేశాను పొద్దున్నే. బల్ల మీద పద్నాలుగో నంబరు సీసా ఒక్కటే ఉంది.

చెప్పాను. ఈసారి జూన్ నుంచి చెప్పాను. పన్నెండింటికి వేశాను, పన్నెండుంబావుకి తీశాను బావగారూ, అక్క అడిగితే అబద్ధం చెప్పాను. ఒక్కొక్కటిగా అన్నీ చెప్పాను, జిగురు, సీసాలు, కప్పులు, సంతకం, ఆదివారం, లారీ. ఆయన ఒక్కసారి కూడా ఆపలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని సీసా వైపు చూస్తూ విన్నారు.

"నాకు ఫిబ్రవరిలోనే తెలుసమ్మా," అన్నారు చివరికి. "ముప్పై ఏళ్ళు అన్నం తింటూ దాని నత్తల కబుర్లే విన్నాను. గుడ్డు అంటే ఏంటో నాకు తెలియదా."

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతు పెరిగింది, ఆయన మీద నేను అరుస్తున్నాను. "ఒక్క మాట అని ఉంటే నేను సంతకం పెట్టేదాన్ని కాదు."

"అని ఉంటే ఊట మిగిలేది, నిజమే." అన్నారు. "ఆ రోజు మంచం దగ్గర నేనూ ఉన్నాను కదా. నాననిచ్చానక్కా అన్నావు. అది విని దాని మొహం ఎంత తేలికపడిందో నువ్వు చూడలేదు, తలదించుకున్నావు. నేను చూశాను. నెలరోజుల తర్వాత మొదటిసారి అలా పడుకుంది. ఆ జిగురు గుడ్లే అని నేను ఒప్పుకుంటే, మీ అక్క అబద్ధం నమ్మి పోయినట్టు అవుతుంది. నాచు అన్నావు. నాచే అనుకున్నాను. పోయిన వారం నీ మొహం చూడలేక మోకాలు నొప్పి అని చెప్పాను."

ఇద్దరం కూర్చున్నాం. ఆయన ఏడుస్తున్నారని కాసేపటి దాకా నాకు తెలియలేదు, చప్పుడు లేదు. నేను లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా చెయ్యి పట్టుకున్నారు, వదలలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 21

తొమ్మిదింటికే వెళ్ళాను. డైరెక్టర్ గారి గదిలో ఎవరూ లేరు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. సీసా బల్ల మీద, ఆయన కాగితాల పక్కన పెట్టి అంతా చెప్పాను. మధ్యలో ఫోను మోగితే ఆయన తీయలేదు. అయిపోయాక బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, లేదా ఇంకా రాలేదు.

"అంటే మొత్తం మీద," అన్నారు, "ఈ ప్రపంచంలో ఎన్ని మిగిలాయమ్మా?"

"రెండండీ. ఒక తల్లి, ఒక పిల్ల."

"పిల్ల మగదైతే...?"

"అదే ఆశండీ."

"మగదేనా?"

"పెద్దదైతే గానీ తెలియదండీ," అన్నాను. ఆయన సీసాని దగ్గరికి లాక్కుని కళ్ళజోడు సవరించుకుని చూశారు. పిల్ల తల్లి గుల్ల మీద ఎక్కి కూర్చుంది. అది పెరగడానికి ఎనిమిది నెలలు పడుతుంది, తల్లికి అన్ని నెలల ఆయుష్షు ఉందో లేదో నాకు తెలియదు, ఆ మాట ఆయన అడగలేదు.